చలికాలంలో గ్యాస్ గీజరు: తెలుసుకోవలసిన జాగ్రత్తలు

చింతామణి తాలూకాలోని కైవారంలో గానీ, అక్కడివారు వలస వచ్చిన బెంగళూరులో గానీ పైపులలో నీరు గడ్డకట్టేంత చలి రాదు. బెంగళూరులో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1884 జనవరి నాటి 7.8 డిగ్రీలు. ఇక్కడ చలికాలపు అసలు ప్రమాదం మూసిన స్నానాల గదిలో ఉంది.

ఊళ్లో హండా కింద కట్టెలు మండితే పొగ కంటికి కనిపించి హెచ్చరిస్తుంది. గ్యాస్ గీజరు మంటకు గాలి చాలనప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. స్నానం చేసేవారు గడియ తీసేలోపే స్పృహ తప్పవచ్చు.

కాబట్టి గ్యాస్ గీజరును స్నానాల గది వెలుపల, గాలి ఆడే చోటనే బిగించాలి. చలి వేస్తున్నదని వెంటిలేటరు మూయరాదు. చలి ముదరక ముందే మెకానిక్కు చేత బర్నరును శుభ్రం చేయించి, గొట్టాలలో పేరుకున్న బోరునీటి సున్నపు పొరను తీయించాలి. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే బయటి గాలిలోకి వచ్చి, 108కు ఫోన్ చేయాలి.