సున్నపు గోడ చెప్పే పాఠం



విశాఖపట్నం అనగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారం గుర్తుకొస్తాయి. ఆ రెండూ రాకముందే ఈ ఊళ్లో ఒక బడి ఉంది. విక్టోరియా రాణి ఏలుబడిలో, 1860లో వెలిసిన ఆంగ్లో వెర్నాక్యులర్ పాఠశాల అది. 1878లో ఆ బడే కళాశాల అయింది. అదే నేటి మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల. అంకితం వెంకట నర్సింగరావు గారి సతీమణి చేసిన దానానికి గుర్తు ఆ 'మిసెస్' అన్న మాట. నర్సింగరావు గారు ఖగోళ శాస్త్రజ్ఞులు. మామగారు గోడే వెంకట జగ్గారావు గారు 1840లో డాబాగార్డెన్స్‌లో నెలకొల్పిన వేధశాలను నడిపినవారు. సి.వి. రామన్ తండ్రిగారు 1892లో ఈ కళాశాలలోనే అధ్యాపకులుగా చేరారు. రామన్ ఇక్కడ ఎఫ్.ఏ. చదివి 1902లో మద్రాసు వెళ్లారు.

చరిత్ర ఇలా ఉండగా, ఆ కాలపు కట్టడాల్లో మనం చదువుకోవలసిన రసాయన శాస్త్రం కూడా ఉంది. అప్పట్లో గోడలకు వాడింది డంగు సున్నం. ఎద్దులు తిప్పే గానుగలో ఇసుక, సున్నం కలిపి నూరేవారు; బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కూడా పోసేవారు. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోతుంది. గోడకెక్కిన సున్నం ఆ వాయువునే గాలిలోంచి మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. అయినా దానికి సన్నని రంధ్రాలుంటాయి. గోడలోకి పాకిన చెమ్మ వాటిగుండా ఆరిపోతుంది.

ఈ సంగతి నాకు పుస్తకం కన్నా ముందు మా ఇల్లే నేర్పింది. మాది రైతు కుటుంబం. ముత్తాత కట్టించిన సున్నపు గోడలకు చెమ్మ వస్తోందని నాన్న అప్పు చేసి సిమెంటు పూత వేయించారు. రెండు వర్షాకాలాలు తిరక్కుండానే పెచ్చులూడి, లోపలి ఇటుక పిండిలా రాలింది. అందరం మేస్త్రీనే తిట్టాం. బి.ఎస్సీ.లో చేరాక తెలిసింది, తప్పు మేస్త్రీ ఒక్కడిది కాదు. సిమెంటు చెమ్మకు దారి మూసేసింది. నీటిలో కరిగిన లవణాలు పూత వెనకాలే స్ఫటికాలు కట్టి గోడను పగలగొట్టాయి. ఉప్పుగాలి తగిలే విశాఖలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

బడి కళాశాల కావచ్చు, కళాశాల రేపు మరొకటి కావచ్చు. వాడుకలో ఉంటేనే కట్టడం బతుకుతుంది. కాని మరమ్మతు దాని సొంత సరుకుతోనే జరగాలి. మనలో రేపు ఇంజనీర్లు, అధికారులు అయ్యేవారు ఈ ఒక్కమాట మరువకుంటే చాలు.

ఈ వేసవిలో సిమెంటు చెక్కించి మళ్లీ సున్నమే పూయిద్దామని నాన్నతో అన్నాను. "సరేరా, నీ చదువు ఇల్లు నిలబెడుతుందేమో చూద్దాం" అన్నారు.