దేవుడు మెచ్చు ఉపవాసము



విభూది బుధవారమున నొసట బూడిద ధరించి తపస్సు కాలములో ప్రవేశిస్తాము. శ్రీసభ చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండినది మొదలు 59 ఏండ్లు నిండువరకు ఆనాడు, పవిత్ర శుక్రవారమునాడు ఉపవాసముండాలి. అనగా ఒక్కపూట మాత్రమే కడుపునిండా భుజించాలి. 14 ఏండ్లు నిండినవారు మాంసము మానాలి. ఇది తపస్సుకు తొలిమెట్టు.

యెషయా గ్రంథము 58వ అధ్యాయము చదవండి. ఆ ప్రజలు ఉపవాసముంటూనే పనివారిని పీడించారు, కలహించారు. సర్వేశ్వరుడు ఆ ఉపవాసమును మెచ్చలేదు.

నేను పనిచేసిన ఒక విచారణలో ఒక పెద్దాయన 40 దినములు ఒంటిపూట ఉండేవాడు. పొలము గట్టు తగాదా వలన సొంత తమ్మునితో ఏండ్ల తరబడి మాటలు లేవు. ఒక ఏడు పవిత్ర గురువారము సాయంత్రము తానే వెళ్లి తమ్ముని గడప తొక్కాడు. "అన్నయ్యా, భోంచెయ్యి" అన్నాడు తమ్ముడు. ఆ పూట తిన్న అన్నమే ఆయన ఉపవాసమునకు ఫలము.

కనుక ఈ తపస్సు కాలములో మూడు పనులు చేయండి. మానిన పూట బియ్యము పస్తున్న ఇంటికి ఇవ్వండి. కుటుంబ ప్రార్థనలో, మీకు మాటలు లేని వ్యక్తిని పేరుపెట్టి తలంచండి. ఆ వ్యక్తితో సమాధానపడి, మంచి పాపసంకీర్తనము చేయండి. అప్పుడు పాస్కా పండుగ మన ఇంట నిజముగా వెలుగుతుంది.