కరెంటు పోయినా కూలి లెక్క పోకూడదు

సూరత్ జిల్లా కిమ్, పిపోదరా చుట్టుపక్కల మగ్గాల షెడ్లలో కూలి మీటర్ల మీద నడుస్తుంది. ఎవరు ఎన్ని తాకాలు (గుడ్డ చుట్టలు) దింపారన్నది ఒకప్పుడు పుస్తకంలో ఉండేది, ఇప్పుడు డేటాబేస్‌లో ఉంటోంది. మగ్గాన్ని నమ్ముకుని మన ఊళ్ల నుంచి సూరత్ వచ్చిన కుటుంబాల పిల్లలు ఈ లెక్కల ఆఫీసుల్లో చేరుతున్నారు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో ఏళ్ల తరబడి పనిచేసి నేర్చుకున్న నాలుగు మాటలు వాళ్లకోసం రాస్తున్నాను.

1. వేగం సంగతి తర్వాత, ముందు భద్రత చూడండి.
మైఎస్‌క్యూఎల్‌లో డేటాను డిస్కు మీద దాచే పని స్టోరేజ్ ఇంజిన్‌ది. టేబుల్ టేబుల్‌కీ వేరే ఇంజిన్ పెట్టుకోవచ్చు. పాతకాలం నుంచి వచ్చింది మైఐసామ్. ఫిన్లాండ్‌కు చెందిన హెయిక్కి టూరి తయారుచేసింది ఇన్నోడీబీ. 2010లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి ఇన్నోడీబీయే డిఫాల్టు. మైఐసామ్ తేలిక, మొత్తం వరసల లెక్క ఠక్కున చెబుతుంది. కానీ రాస్తుండగా కరెంటు పోతే దాని టేబుల్ పాడయ్యే ప్రమాదం ఉంది. ఇంజిన్‌ను ఎంచేటప్పుడు ఆ ఒక్క క్షణాన్ని తలుచుకోండి.

2. రెండు రాతలు ఒక్కటిగా నిలవాలి.
తాకా దిగితే సరుకు టేబుల్‌లో ఒక వరస ఎక్కాలి, నేసినవాడి ఖాతాలో మీటర్లు జమ కావాలి. మొదటిది పడి రెండోది పడకముందే మెషీన్ ఆగిందనుకోండి. మైఐసామ్‌లో గుడ్డ గోడౌన్‌కు చేరినట్టుంటుంది, నేతగాడి కూలి మాత్రం కనబడదు. ఇన్నోడీబీలో ఈ రెంటినీ ఒకే ట్రాన్సాక్షన్‌గా కట్టవచ్చు: పడితే రెండూ పడతాయి, లేదంటే ఏదీ పడదు. షావుకారు ముందు చిట్టా రాసి ఆనక ఆవర్జాలోకి ఎక్కించినట్టు, ఇన్నోడీబీ ప్రతి మార్పునూ ముందు రీడూ లాగ్‌లో రాసుకుంటుంది. మళ్లీ లేచాక ఆ లాగ్ చూసి సరిచేసుకుంటుంది. అయితే రెండు టేబుళ్లూ ఇన్నోడీబీలోనే ఉండాలి. ఒకటి మైఐసామ్ అయితే, ట్రాన్సాక్షన్‌ను వెనక్కి తీసుకున్నా దానిలోని రాత అలాగే మిగిలిపోతుంది.

3. పగార్ రోజున తాళం ఎక్కడ పడుతుందో తెలుసుకోండి.
నెల మొత్తం రిపోర్టు తీస్తుంటే ఫోల్డింగ్ దగ్గర ఎంట్రీలు నిలిచిపోతున్నాయా? ‘షో ప్రాసెస్‌లిస్ట్’ కొట్టి చూడండి. టేబుల్ తాళం కోసం వరసగా ఎదురుచూస్తుంటే అది మైఐసామ్ గుణం. రాయాలంటే అది టేబుల్ మొత్తానికీ తాళం వేస్తుంది, చదివే పని అయ్యేదాకా రాసేవాళ్లు సాధారణంగా ఆగాల్సిందే. ఇన్నోడీబీ తాళం వరసకే పడుతుంది, మామూలుగా చదివేవాళ్లు రాసేవాళ్లకు అడ్డురారు.

4. అడిగిన ఇంజినే వచ్చిందో లేదో చూడండి.
పాత వెర్షన్లలో ఇన్నోడీబీ లేవకపోయినా సర్వర్ నడిచేది. అప్పుడు ఇన్నోడీబీ అని టేబుల్ అడిగితే ఒక హెచ్చరిక ఇచ్చి మైఐసామ్‌లో కట్టేసేది. ఒక షెడ్డు ఆఫీసులో లాగ్ ఫైలు సైజు మార్చాక జరిగింది ఇదే. పాత లాగ్ ఫైళ్ల సైజు కొత్త సెట్టింగ్‌తో కుదరక ఇన్నోడీబీ లేవలేదు, కొత్త టేబుళ్లన్నీ మైఐసామ్‌లో తయారయ్యాయి. ‘షో ఇంజిన్స్’, ‘షో టేబుల్ స్టేటస్’ చూస్తే నిజం తేలుతుంది. కారణం కావాలంటే ఎర్రర్ లాగ్ చదవండి.

5. రిపేరుకు ముందు కాపీ.
టేబుల్ క్రాష్ అయిందని మెసేజ్ రాగానే ‘రిపేర్ టేబుల్’ కొట్టకండి. సర్వర్ ఆపి, ఫైళ్లన్నీ వేరే డిస్కుకు తీసిపెట్టండి. మైఐసామ్‌లో డేటా ఎంవైడీ ఫైల్లో, ఇండెక్సు ఎంవైఐ ఫైల్లో ఉంటాయి. ఇండెక్సు పాడైతే తిరిగి కట్టుకోవచ్చు, డేటా పాడైతే రిపేరులో వరసలు పోవచ్చు. ఇన్నోడీబీ లేవనంటే ఫోర్స్ రికవరీ సెట్టింగ్‌ను 1 నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ పెంచండి. 4, ఆపైన పెడితే డేటా శాశ్వతంగా చెడవచ్చు. సర్వర్ లేచిన వెంటనే డంప్ తీసుకుని కొత్తగా కట్టుకోండి. అలా లేచిన దాని మీదే పని సాగించకండి.

6. వేగం కోసం నమ్మకాన్ని అమ్మకండి.
కమిట్ కాగానే లాగ్‌ను డిస్కుకు పంపే సెట్టింగ్ డిఫాల్టుగా 1. దాన్ని 2 చేస్తే రాత వేగంగా సాగుతుంది, కరెంటు పోతే మాత్రం చివరి సెకను పని పోవచ్చు. కూలి లెక్కకు 1 ఉండాలి, మెషీన్‌కు యూపీఎస్ ఉండాలి. వేగం కావాలంటే, డేటాను మెమరీలో ఉంచుకునే బఫర్ పూల్ పెంచండి. దాని డిఫాల్టు 128 ఎంబీయే.

7. తిరిగి ఎక్కించి చూడనిది బ్యాకప్ కాదు.
ఇన్నోడీబీ టేబుళ్లను పని ఆపకుండానే సింగిల్ ట్రాన్సాక్షన్ డంప్‌గా తీయవచ్చు. దాన్ని వేరే మెషీన్‌లో ఎక్కించి, ఒక మనిషి నెల మీటర్లు కూడి, అతని చేతిలోని చీటీతో పోల్చండి. రెండూ కలిస్తేనే మీ పని పూర్తయినట్టు. నేసినవాడికి ఇంజిన్ల పేర్లు తెలియనక్కర్లేదు, తాను నేసిన ప్రతి మీటరూ లెక్కలో ఉందన్న ధీమా ఉంటే చాలు. ఆ ధీమా ఇవ్వాల్సింది మీరు.