మార్పుల చిట్టా

వ్యాపారి ప్రతిదినము జమాఖర్చులను చిట్టాలో వ్రాసికొనును. ఎన్నడైనను లెక్క తప్పినచో, పాత పుటలు తిరుగవేసి ఆ తప్పు ఏనాడు దొరలినదో కనుగొనును. కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయువారికిని అట్టి చిట్టా యొకటి ఆవశ్యకము. వేలకొలది పంక్తులుగల ప్రోగ్రాము నిన్న చక్కగా నడచి, నేడు నిలిచిపోవచ్చును. ఏ మార్పు దానికి కారణమో తెలిసికొనుటకును, వెనుకటి రూపమును మరల పొందుటకును తోడ్పడు సాధనమునకు వెర్షన్ కంట్రోల్ అని పేరు.

ఇట్టి సాధనములలో నేడు మిక్కిలి వ్యాప్తిలో నున్నది గిట్. ఫిన్లాండు దేశమున జన్మించిన లైనస్ టోర్వాల్డ్స్ దీని నిర్మాత. ఆయన ప్రారంభించిన లినక్స్ పనిలో పలుదేశములవారు పాల్గొనుచుండిరి. వారిలో పెక్కుమంది 2002 నుండి బిట్‌కీపర్ అను సాధనమును వాడుచుండిరి. 2005లో దానిని ఉచితముగా వాడుకొను వీలు వారికి లేకపోయెను. అంతట టోర్వాల్డ్స్ ఆ సంవత్సరము ఏప్రిల్ నెలలో గిట్‌ను స్వయముగా వ్రాయ నారంభించెను. కొలది దినములలోనే అది తన మార్పులను తానే భద్రపరచుకొనగలిగెను.

గిట్‌ను తొలిసారి అమర్చుకొనువారికి కొన్ని చిక్కులు కలుగుట సహజము. ప్రోగ్రాములు వ్రాయు ఎడిటరు వేఱు, గిట్ వేఱు. విజువల్ స్టూడియో కోడ్ వంటి ఎడిటరు గిట్‌ను పిలిచి పని చేయించుకొనునే కాని, దానిని తనలో ఇముడ్చుకొని యుండదు. ఈ భేదము నెఱిగినవానికి సగము చిక్కు విడిపోవును.

గిట్ కనబడుటలేదని ఎడిటరు తెలిపినచో, మొదట టెర్మినల్ తెరచి గిట్ వెర్షన్ సంఖ్యను అడుగవలెను. సంఖ్య వచ్చినచో గిట్ ఉన్నట్లే. రానిచో, అది కంప్యూటరులో చేరియుండదు. లేదా, అది యున్న చోటు 'పాత్' అను పట్టికలో నమోదై యుండదు. కంప్యూటరు ఆజ్ఞలను ఆ పట్టికలోని చోటులయందే వెదకును. గిట్‌ను క్రొత్తగా చేర్చిన పిమ్మట ఎడిటరును పూర్తిగా మూసి తెరవవలెను. ఏలయన, అంతకుముందే తెరచియున్న ఎడిటరు పాత పట్టికనే పట్టుకొని యుండును.

గిట్ ఉండియు మార్పుల చరిత్ర కనబడనిచో, తెరచిన ఫోల్డరు సరియైనదో కాదో చూడవలెను. చరిత్రయంతయు ఆ పనికి సంబంధించిన ఫోల్డరులో, చుక్కతో మొదలగు 'డాట్ గిట్' అను మఱుగు ఫోల్డరునందు ఉండును. వేఱు ఫోల్డరును తెరచినవానికి అది దొరకదు.

మార్పును నమోదు చేయబోగా గిట్ నిరాకరించినచో, వ్రాసినవాని పేరును, ఈమెయిలును దానికి తెలుపలేదేమో విచారింపవలెను. ఎవరు చేసిన మార్పో తెలియకుండ అది దేనిని నమోదు చేయదు.

నమోదైన మార్పులను గిట్‌హబ్‌కు పంపునపుడు మఱియొక చిక్కు కలుగును. ఆ సంస్థ 2021 ఆగస్టు 13 నుండి ఈ పనికి ఖాతా పాస్‌వర్డును అంగీకరించుట మానివేసినది. టోకెను గాని, ఎస్.ఎస్.హెచ్. తాళము గాని కావలెను. ఈ సంగతి తెలియనివాడు సరియైన పాస్‌వర్డునే పదిమారులు కొట్టినను ఫలితముండదు.

ఇట్టి వేళల కొందరు విసుగుచెంది, డాట్ గిట్ ఫోల్డరును తుడిచివేసి మొదటినుండి ఆరంభింతురు. చిక్కు తీరినట్లే తోచును. వ్రాసిన ఫైళ్లును నిలిచియుండును. కాని నెలల తరబడి కూడిన చరిత్ర యంతయు నశించును. మఱియొకచోట ప్రతి లేనిచో అది తిరిగి రాదు. ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొనుట యన్న ఇదియే.

కావున యంత్రము చూపిన సందేశమును తుదివఱకు చదువవలెను. ఒక్కమారు ఒక్కదానినే మార్చి ఫలితమును పరిశీలింపవలెను. పలుచోటుల నొక్కసారి చేయి పెట్టినవానికి, చిక్కు తీరినను ఎందువలన తీరినదో తెలియదు. అది మరల వచ్చినపుడు మరల తడబడును. ఓర్పుతో కారణమును కనుగొన్నవాడు తన చిక్కును తీర్చుకొనుటయే గాక, తోటివారి చిక్కులను సైతము తీర్పగలుగును.