పండుటాకు పాఠం



మన గోడపత్రికలో ఈసారి సైన్సు పాఠం 9వ తరగతి వంతు వచ్చింది. నేను ఆకుల రంగుల గురించి రాస్తున్నాను. ఆకంటే పచ్చగా ఉంటుంది, ఎండితే రాలుతుంది, దాని మీద పాఠం ఏముంటుంది అనుకోవద్దు. డాక్టరు చదువు చదివిన ఒకాయన ఆ పని వదిలేసి పక్షులు, ఆకులు, రాళ్లు, నీళ్లు ఫొటోలు తీస్తూ బతుకంతా గడిపాడు. ఆయన సంగతి కూడా కింద రాశాను. చివరిదాకా చదవండి. చివరలో మన హాస్టల్ బాదం చెట్టు గురించి ఒక మనవి ఉంది.

1. ఆటమ్ వేరు, మన శరత్తు వేరు

ఇంగ్లీషు పుస్తకాల్లో ఆటమ్ అని ఒక కాలం వస్తుంది. బొమ్మలో చెట్లన్నీ ఎర్రగా, పసుపుగా ఉంటాయి. అది అమెరికా, ఇంగ్లండు లాంటి చలి దేశాల్లో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఉండే కాలం. అమెరికావాళ్లు దాన్నే ఫాల్ అని కూడా అంటారు. ఫాల్ అంటే రాలడం.

మనం దాన్ని తెలుగులో శరదృతువు అని రాసేస్తాము. నెలలు చూస్తే సరిపోతుంది. శరత్తు అంటే ఆశ్వయుజం, కార్తీకం. కానీ అడవిని చూస్తే సరిపోదు. ఆ నెలల్లో మన తిరుపతి, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. వాగులు పారతాయి. శేషాచలం కొండలు అప్పుడే చానా పచ్చగా ఉంటాయి. మనకు ఆకులు రాలే కాలం శిశిరం, అంటే మాఘం, ఫాల్గుణం. కొన్ని చెట్లకు ఉగాది దాకా సాగుతుంది.

అక్కడ చెట్లు చలికి భయపడి ఆకు రాలుస్తాయి. పగలు పొట్టిగా అవుతుంది, మంచు పడుతుంది, నేలలో నీళ్లు గడ్డకడతాయి. మన చెట్లు నీళ్ల కరువుకు భయపడి రాలుస్తాయి. ఆకుల మీద కంటికి కనిపించని పత్రరంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి నీరు ఆవిరైపోతుంది. ఎండాకాలంలో వేరుకు నీళ్లు దొరకనప్పుడు అన్ని ఆకులు పెట్టుకుంటే చెట్టే ఎండిపోతుంది. అందుకని ఆకులు వదిలేసి ప్రాణం కాపాడుకుంటుంది. మోడుగా నిలబడిన చెట్టు చచ్చిన చెట్టు కాదు.

2. రంగు ఎట్లా మారుతుంది

ఆకులో పచ్చరంగు ఇచ్చేది పత్రహరితం. దాని పని ఎండను పట్టి చెట్టుకు అన్నం వండడం. అదే ఆకులో పసుపురంగు పదార్థాలు కూడా ముందునుంచీ ఉంటాయి. వాటిని కెరోటినాయిడ్లు అంటారు. పచ్చరంగు ఎక్కువ కాబట్టి పసుపు మనకు కనపడదు.

రాలే కాలం వచ్చినప్పుడు చెట్టు ఆకును ఊరికే పారెయ్యదు. మనం ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామాను సర్దుకున్నట్టు, ఆకులోని నత్రజని, భాస్వరం లాంటి విలువైనవి సుమారు సగం వెనక్కి కొమ్మలోకి లాక్కుంటుంది. అప్పుడు పత్రహరితం విరిగిపోతుంది. పచ్చ పోతుంది. దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. అంటే పసుపురంగు కొత్తగా వచ్చింది కాదు, ముందే ఉన్నది.

ఎరుపు సంగతి వేరు. ఎరుపు ఇచ్చేవి ఆంథోసయనిన్లు. పండే ఆకులో వీటిని చెట్టు అప్పటికప్పుడు కొత్తగా తయారుచేస్తుంది. అన్ని చెట్లూ చెయ్యవు. అందుకే కొన్ని చెట్లు పసుపుతోనే రాలుతాయి, బాదం లాంటివి ఎర్రబడి రాలుతాయి.

చివరకు కాడ మొదట్లో ఒక పలచని పొర పుడుతుంది. అక్కడ కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. చిన్న గాలి వచ్చినా ఆకు ఊడిపోతుంది. ఊడిన చోట గాయం మానినట్టు మూసుకుపోతుంది.

మన తెలుగులో ఇట్లాంటి ఆకును పండుటాకు అంటాము. చూడండి, ఎంత మంచి మాటో. థోరో అనే అమెరికా రచయిత 1862లో చనిపోయాడు. అదే సంవత్సరం అక్టోబరులో ఆకుల రంగుల మీద ఆయన వ్యాసం అచ్చయింది. పండు పండినట్టే ఆకు కూడా పండుతుందని ఆయన అందులో వివరించాడు. ఆయన అంత వివరించి చెప్పిన సంగతిని మనవాళ్లు ఒక్క మాటలో పెట్టుకున్నారు.

3. మన కొండల్లో రంగుల వరస

శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. తలకోన జలపాతం ఉన్న శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఈ కొండల్లోనే ఉంది. ఇక్కడ ఎక్కువ భాగం ఆకురాల్చే అడవి. చలిదేశంలో లాగా కొండంతా ఒక్కసారి ఎర్రబడదు. ఒక్కో చెట్టుకు ఒక్కో వంతు ఉంటుంది.

ఎర్రచందనం: ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో, అంటే మన శేషాచలం చుట్టుపక్కల జిల్లాల కొండల్లోనే. పేరులో ఎరుపు ఉందని ఆకు ఎర్రగా ఉంటుందనుకోవద్దు. ఎరుపు లోపలి చేవలో ఉంటుంది. ఒక కాడకు ఎక్కువగా మూడు ఆకులుంటాయి. అవి రాలాక చెట్టు మోడై, ఎండాకాలంలో పసుపు పూలు పూస్తుంది.

మోదుగ: దీనికీ మూడు ఆకులే. విస్తళ్లు కుట్టే ఆకు. ఆకులు రాలాక కొమ్మల నిండా నిప్పురంగు పూలు వస్తాయి.

ఇప్ప, కానుగ, రావి, మామిడి: వీటి అందం రాలే ఆకులో కాదు, చిగురులో ఉంటుంది. చిగురు రాగిరంగులో వస్తుంది. లేత ఆకులో పత్రహరితం ఇంకా పూర్తిగా తయారు కాదు. అప్పుడు ఎర్ర పదార్థం గొడుగు లాగా ఎండ దెబ్బ నుంచి కాపాడుతుందని, పురుగులు కూడా తక్కువ ముట్టుకుంటాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే చలిదేశాల ఎరుపు ముసలి ఆకుది, మన ఎరుపు ఎక్కువగా పసిబిడ్డది.

బాదం: ఇది అడవి చెట్టు కాదు, బడిలో నాటిన చెట్టు. కానీ బొమ్మలోని ఆటమ్ రంగు చూడాలంటే మనకు ఇదే దగ్గర. ఒకే కొమ్మకు పచ్చాకు, పసుపాకు, ఎర్రాకు కలిసి కనిపిస్తాయి. చాలాచోట్ల ఏడాదికి రెండుసార్లు ఆకు రాలుస్తుంది.

4. రంగుల వెంట పోయిన మనిషి

ఆయన పేరు ఎలియట్ పోర్టర్. అమెరికాలో 1901లో పుట్టాడు. చిన్నప్పుడే కెమెరా పట్టుకుని పక్షుల ఫొటోలు తీశాడు. తర్వాత హార్వర్డులో డాక్టరు చదువు చదివి, సూక్ష్మజీవుల మీద పరిశోధన చేశాడు. నలభై ఏళ్లు వచ్చే ముందు ఆ ఉద్యోగం వదిలి ఫొటోగ్రాఫరు అయ్యాడు.

ఆ రోజుల్లో పేరున్న ఫొటోగ్రాఫర్లు నలుపు తెలుపులోనే తీసేవాళ్లు. రంగు ఫొటోలు వ్యాపార ప్రకటనలకే పనికొస్తాయని చాలామంది అనుకునేవాళ్లు. ఈయన మాత్రం పక్షి రంగు, ఆకు రంగు లేకపోతే అది సగం నిజమే అని రంగులోనే తీశాడు. పెద్ద కొండలు, జలపాతాల కంటే నేలమీద పడిన ఆకులు, చెట్టు బెరడు, నీటిలో తేలే ఆకు ఎక్కువ తీసేవాడు. 1962లో సియెర్రా క్లబ్ అనే సంస్థ ఆయన ఫొటోలను థోరో మాటలతో కలిపి పెద్ద పుస్తకం వేసింది. 1979లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆయన ప్రదర్శన పెట్టింది. ఆ మ్యూజియం ఒక్క మనిషి రంగు ఫొటోలతో ప్రదర్శన పెట్టడం అదే మొదలు. 1990లో ఆయన చనిపోయాడు.

నాకు ఆయనలో నచ్చింది ఇదీ. అందరూ తొక్కుకుంటూ పోయే దాన్ని వంగి చూశాడు.

5. రాసి పెట్టుకుంటే ఏమొస్తుంది

థోరో తన ఊరు కాంకర్డులో ఏ మొక్క ఏ రోజు పూసింది, ఏ చెట్టు ఏ రోజు చిగురేసింది నోటుబుక్కులో రాసుకునేవాడు. నూట యాభై ఏళ్ల తర్వాత బోస్టన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ప్రైమాక్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయనతో పనిచేసేవాళ్లు ఆ రాతలు తీసి ఇప్పటి తేదీలతో పోల్చారు. భూమి వేడెక్కడం వల్ల పూలు అప్పటికంటే ముందే పూస్తున్నాయని తెలుసుకున్నారు. పాత నోటుబుక్కు లేకుంటే ఆ లెక్క తేలేది కాదు.

మేము యానాదులం. మా అవ్వకు అక్షరం రాదు. కానీ ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తుందో వరసగా చెబుతుంది. "మోదుగ పూసిందంటే ఇంక నీళ్లున్న చోటు చూసుకోవాల" అంటుంది. "ఈ మధ్య చెట్లు కాలం తప్పుతాండాయి" అని కూడా అంటుంది. అవ్వ మాట నిజమా కాదా అని ఎవరైనా అడిగితే చూపించడానికి మా దగ్గర కాగితం లేదు. మా ఇంట్లో రాయడం వచ్చిన మొదటి మనిషిని నేను. మీలో చానామంది కూడా అంతే. మన అవ్వలు, తాతలు చెప్పింది మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు? వాళ్లతోనే ఆ తేదీలు పోతాయి.

కెమెరా లేదని బాధ పడవద్దు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక చెట్టు ఎంచుకోండి. ఆకు పండిన రోజు, రాలిన రోజు, చిగురేసిన రోజు, పూసిన రోజు రాయండి. ఒక ఆకును పాత పేపరు మధ్య పెట్టి పైన బరువు పెట్టండి. పక్కన తేదీ, ఊరు పేరు రాయండి. రంగు కొంచెం పోతుంది కానీ ఆకు ఉంటుంది.

6. చేసి చూడండి

(అ) ఎర్రబడిన బాదం ఆకును ముక్కలు చేసి వేడినీళ్లలో వేయండి. కొంతసేపటికి నీళ్లకు రంగు దిగుతుంది. పచ్చాకుతో కూడా చెయ్యండి. పత్రహరితం నీళ్లలో కరగదు కాబట్టి నీళ్లు అంత పచ్చబడవు.

(ఆ) ఇది సైన్సు టీచరు దగ్గర ఉన్నప్పుడే, పొయ్యికి దూరంగా చెయ్యాలి. పచ్చాకును నూరి కొంచెం స్పిరిట్ కలపండి. అందులో తెల్ల చాక్‌పీసు నిలబెట్టండి. రసం పైకి పాకుతుంది. ఆకుపచ్చ గీతకు పైన పసుపు గీత వేరుగా కనిపిస్తుంది. పచ్చాకులో పసుపు దాగి ఉందనడానికి ఇదే సాక్ష్యం.

7. మనవి

ఎండుటాకు అంటే అడవిలో భయం కూడా. 2014 మార్చిలో శేషాచలం అడవి తగలబడితే మంట ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు వచ్చాయి. మా నాయన ఎండాకాలంలో అడవి మంటలు చూసే కూలికి పోతాడు. ఒక్క బీడీ తుంపు చాలు అంటాడు. కాబట్టి అడవిలో ఎవరూ ఆకుకు నిప్పు పెట్టకూడదు, పెట్టనివ్వకూడదు.

హాస్టల్లో మనం ఏం చేస్తున్నాము? పొద్దున ఊడ్చిన బాదం ఆకులు కుప్ప పోసి కాలుస్తున్నాము. చిన్న తరగతి పిల్లలకు పొగకు దగ్గు వస్తుంది. ఊడవలేక విసుగొచ్చి "ఈ చెట్టు కొట్టేస్తే పీడ పోతుంది" అని కొందరు అంటున్నారు. పైన చెప్పినట్టు చెట్టు సగం సత్తువే వెనక్కి తీసుకుంటుంది. మిగతా సగం ఆకులోనే ఉంటుంది. అది నేలకు చేరాల్సిన ఎరువు. కాలిస్తే నత్రజని పొగలో పోతుంది.

వార్డెన్ మేడం గారూ, వంటగది వెనక ఒక గుంత తవ్వుకోవడానికి అనుమతి ఇవ్వండి. ఒక పార, రెండు గంపలు ఇప్పించండి. 9వ తరగతి వాళ్లం వంతులు వేసుకుని తవ్వుతాము. ఆకులు, కూరగాయల తొక్కలు వేసి, నీళ్లు చల్లి, మట్టి కప్పుతాము. కుళ్లిన ఎరువును కూరపాదులకు వేసుకోవచ్చు. చెట్టును మాత్రం కొట్టనివ్వకండి. ఎండాకాలంలో దాని నీడలోనే గదా మనమందరం కూర్చుని చదువుకునేది.

ప్రశ్నలు (జవాబులు కాగితం మీద రాసి గోడపత్రిక పెట్టెలో వేయండి)

1. పండుటాకులో పసుపు కొత్తగా పుడుతుందా, ముందే ఉంటుందా?
2. చలిదేశం చెట్టు, మన చెట్టు ఆకు రాల్చడానికి కారణాలు ఏమి?
3. కానుగ చిగురు ఎందుకు ఎర్రగా ఉంటుంది?
4. మీ ఊర్లో ముందుగా ఆకు రాల్చే చెట్టు ఏది? మీ అవ్వను అడిగి రాయండి.

నాలుగో ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు. వచ్చిన జవాబులన్నీ పేర్లతో వచ్చే సంచికలో అంటిస్తాము.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని