రేడియోకి విడి ఎర్త్ చాలా?

ప్రశ్న: మాది ఆర్మూర్ దగ్గర ఆలూర్. ఇంట్లో హామ్ రేడియో పెట్టుకున్నాను. దానికి పెరట్లో విడిగా ఎర్త్ రాడ్ దించితే సరిపోతుందా?

జవాబు: దించండి, కానీ విడిగా వదిలేయకండి. ఇంటి కరెంటు ఎర్త్‌తో దాన్ని మందపాటి రాగితీగతో తప్పక కలిపించండి. కలపకపోతే, దగ్గర్లో పిడుగు పడినప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది. ఆ తేడా వల్ల కరెంటు మీ సెట్టు గుండా, దాన్ని పట్టుకున్న మీ చేతి గుండా దారి వెతుక్కుంటుంది. నాకు అన్నిటికంటే భయం ఇదే.

యాంటెన్నా కేబుల్ ఇంట్లోకి వచ్చే చోటే పిడుగు దెబ్బను ఎర్త్‌లోకి మళ్లించే అరెస్టర్ బిగించి, అదే ఎర్త్‌కి కలపండి. సెట్టు, పవర్ సప్లై, ట్యూనర్ తీగలు ఒకే రాగిపట్టీకి చేరాలి. మీది నల్లరేగడి అయితే ఎండాకాలం నెర్రెలిచ్చి రాడ్‌ను వదిలేస్తుంది. అందుకే రాడ్ చుట్టూ గుంత చేసి నీళ్లు పోస్తుండండి. మబ్బు పడుతుండగానే, ఉరుములకు ముందే, కేబుల్, ప్లగ్గు రెండూ ఊడదీయండి.