దవడ పన్ను పీకించే ముందు

బిడ్డకు 6వ ఏడు వచ్చేసరికి పాలపళ్ల వరుస వెనుక, పైనా కిందా ఇరువైపులా ఒక్కో దవడ పన్ను మొలుస్తుంది. ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది కనుక చాలామంది తల్లిదండ్రులు అదీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చినా, ఊడి మళ్లీ వస్తుందిలే అని ఊరుకుంటారు. అది మళ్లీ రాదు. జీవితాంతం అన్నం నమలవలసిన పన్ను అదే.

ఈ పంటి పైభాగంలోని సన్నని గాడుల్లో తినుబండారాలు చిక్కుకుంటాయి. వాటిలోని తీపిని సూక్ష్మజీవులు ఆమ్లంగా మార్చి ఎనామిల్‌ను కరిగిస్తాయి. చిన్న గుంతగా ఉన్నప్పుడే చూపిస్తే ఒక్క పూటలో అయ్యే పని. మనం ‘సిమెంటు పెట్టడం’ అనే ఈ వైద్యంలో ఇప్పుడు పంటి రంగులో ఉండే కాంపోజిట్ రెసిన్ ఎక్కువగా వాడుతున్నారు.

పుచ్చిన భాగం తీసివేశాక ఫాస్ఫారిక్ ఆమ్లపు జెల్ కొన్ని సెకన్లు ఉంచి కడుగుతారు. దానితో పంటి మీద కంటికి కనిపించనంత గరుకు ఏర్పడుతుంది. 1955లో అమెరికా దంత వైద్యుడు మైఖేల్ బ్యూనోకోర్ చూపిన మార్గమిది. తర్వాత జిగురు ద్రవం పూసి, రెసిన్‌ను సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా నింపుతూ, ప్రతి పొరనూ నీలి కాంతితో గట్టిపరుస్తారు. ఆ సమయంలో లాలాజలం తగిలితే అతుకు నిలవదు. జాగ్రత్తగా చేసిన సిమెంటు 10 ఏళ్లు దాటి కూడా నిలుస్తుంది.

రాత్రి నిద్ర పట్టనంత పోటు పుట్టినా, బుగ్గ వాచినా పుచ్చు నరం దాకా చేరి ఉండవచ్చు. అప్పుడు సిమెంటు ఒక్కటే చాలదు. రూట్ కెనాల్ చేసి తొడుగు వేయాలంటే ఖర్చు ఎన్నో రెట్లు. అది భరించలేనివారు పన్ను పీకిస్తారు. ఆ ఖాళీలోకి పక్క పళ్లు ఒరుగుతాయి, నమలడం కష్టమవుతుంది.

తుళ్లూరు ప్రాంతంలో పత్తి తీతకు, మిర్చి కోతకు వెళ్లే తల్లికి బిడ్డను గుంటూరుకో విజయవాడకో తీసుకెళ్లడమంటే ఆ రోజు కూలి పోవడమే. అందుకే నొప్పి ముదిరేదాకా ఆగుతుంది.

దాతలు ఆలోచించవలసింది ఇక్కడే. పళ్లు పీకే ఉచిత శిబిరాలకు సాయం చేయడం మంచిదే. దానితో పాటు బడి పిల్లల దవడ పళ్లను ఏటా పరీక్ష చేయించి, పుచ్చు కనిపించినవారిని విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల వంటి చోటికి పంపండి. తల్లి ఒక రోజు కూలి మనం భరిస్తే ఒక పన్ను దక్కుతుంది.

ముందుగా ఈ రాత్రే మీ ఇంటి పిల్లల నోట్లో టార్చి వేసి వెనుక పళ్లు చూడండి.